ఊపిరి యాడ తీసుకుండాదో విను

ఆమె పోయిందన్న సంగతి నాకు ఆమె ఫోను నుంచే తెలిసింది. బాగేపల్లిలో మా మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను. తెర మీద ఆమె పేరు వెలగగానే, బాగున్నావా అని కూడా అడక్కుండా, నేను పంపిన రీడ్ ఎట్లుందో చెప్పక్కా అన్నాను. బదులు పలికింది వేరే ఆడమనిషి గొంతు. తాను ఆమె ఆడబిడ్డనని చెప్పింది. వదినకు విషజ్వరం వచ్చిందనీ, చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి తీసుకుపోయినా నిలవలేదనీ, ఫోనులో ఎక్కువగా మాట్లాడినవాళ్ళందరికీ ఒక్కొక్కరికే చెబుతున్నాననీ అంది. ఎక్కువగా మాట్లాడినవాళ్ళలో నేనే మొదట ఉన్నానట.

మా పనిలో పేర్లు పడవు. ప్రకటనలకీ, సీరియళ్ళకీ, ఫోను చేస్తే ముందుగా వినబడే సూచనలకీ గొంతు ఇస్తాం. గొంతు అందరికీ తెలుస్తుంది, మనిషి ఎవరికీ తెలియదు. అందుకే ఆమె పేరు ఇక్కడా రాయడం లేదు. పని దొరకాలంటే ముందు ఆడిషన్. నాలుగు వాక్యాలు పంపుతారు, వాటిని చదివి రికార్డు చేసి పంపాలి. అట్లా పంపినదాన్నే రీడ్ అంటాం. ఎందరో పంపితే ఒకరిని తీసుకుంటారు. మిగతావాళ్ళు తమది ఎందుకు పోయిందో తెలియక, తీసుకున్నవాళ్ళను నాలుగు రోజులు తిట్టుకుని, తర్వాతి ఆడిషన్‌కి చదువుతారు. ఆమె మాత్రం తిట్టేది కాదు. వినేది.

నేను ఆమెను మొదట చూసింది చిక్కబళ్ళాపురంలో. జాతరలకీ ఎన్నికలకీ మైకు ప్రకటనలు రికార్డు చేసే చిన్న స్టూడియో ఒకటి, ఒక బట్టల అంగడి మీద ఉండేది. విత్తనాల కంపెనీ వాళ్ళ ప్రకటన కోసం తెలుగూ కన్నడా రెండూ వచ్చినవాళ్ళు కావాలని పిలిచారు. బయట బెంచీల మీద మేము, గాజు తలుపు అవతల చదివేవాళ్ళు. లోపలి మాటలు బయటున్న ఒక చిన్న స్పీకరులో వినబడుతుండేవి. చదివినవాళ్ళు చదివినట్టు బస్సులు పట్టుకుని పోతున్నారు. ఆమెది అందరికన్నా ముందే అయిపోయింది. అయినా లేవలేదు. అరచెయ్యి రొమ్ము మీద ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక్కొక్కరు చదువుతుంటే వాళ్ళతోబాటు ఊపిరి తీస్తూ, వదులుతూ కూర్చుంది. నిద్రపోతోందేమో అనుకున్నాను.

ఒక సన్నపాటి అమ్మాయి చదువుతుండగా కళ్ళు తెరిచి, ముక్కూ మొహం తెలియని నాతో, “ఈ పాప పొద్దున్నుంచి ఏమీ తిన్లా. మాట చివర పడిపోతాండాది చూడు” అంది.

ఆ అమ్మాయి బయటికి రాగానే తన సంచిలోంచి చిత్రాన్నం డబ్బా తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. తిన్నాక ఇంకోసారి చదవనివ్వమని, ఆడిషన్ జరిపించే కోఆర్డినేటరును తానే అడిగింది. ఆయన కన్నడంలో విసుక్కున్నాడు కానీ ఒప్పుకున్నాడు. చివరికి ఆ అమ్మాయినే తీసుకున్నారు.

సాయంత్రం బస్టాండులో నేను బాగేపల్లి బస్సు కోసం, ఆమె చింతామణి బస్సు కోసం నిలబడ్డాం. అట్లెందుకు చేశావక్కా, నీకే వచ్చేదేమో కదా అన్నాను. నా ప్రశ్న ఆమెకు సరిగ్గా అర్థం కాలేదు. “తినకముందు చదివింది ఇన్నావు, తిన్నాక చదివింది ఇన్నావు. మొదటి మాట దగ్గరే మారిపోయింది. ఆ తేడా యాడుండాదో నాకి తెలియల్ల. అది తెలిస్తే నేనూ చదువుతా” అంది. ఆ పాప మీద జాలితో పెట్టిందో, ఆ తేడా వినాలనే ఆకలితో పెట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ అయ్యుంటాయి.

ఆరోజు బస్సు ఆలస్యమైంది కాబట్టి ఆమె గురించి కొంత తెలిసింది. వాళ్ళది చింతామణి తాలూకు కెంచార్లహళ్ళి. భర్త టమాటాల బండి తోలేవాడు. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ఈమె చింతామణిలో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. ఆయన్ని విడిచి పోలేక మానేసింది. ఆరోజు ఆడబిడ్డను ఇంట్లో కూర్చోబెట్టి వచ్చింది. “బయటికి పోయి చేసే పని ఏదీ నాకి కాదు మ్మా. ఇంట్లో కూర్చోని చేసేది ఇదొకటే ఉండాది. ఇది రాకుంటే ఇంగేమీ ల్యా” అని, ధర చెప్పినంత మామూలుగా చెప్పి, బస్సు రాగానే ఎక్కిపోయింది.

ఆ తర్వాత మా స్నేహమంతా ఫోనులోనే. దానికి ఒక కారణం అక్షరాలు. మా వైపు చాలామందిలాగే ఆమె ఇంట్లో పుట్టిన మాట తెలుగు, బడిలో నేర్చిన రాత కన్నడం. తెలుగు అక్షరాలు రావు. నాకు మా అమ్మది హిందూపురం కావడం వల్ల వచ్చాయి. ఆడిషన్‌కి తెలుగు కాగితం రాగానే నేను ఫోనులో నిదానంగా చదివేదాన్ని, ఆమె దాన్ని కన్నడ అక్షరాల్లో రాసుకునేది. నేను చదివేటప్పుడే మధ్యలో ఆపి, ఇక్కడ వీళ్ళు అడుగుతున్నారా, చెబుతున్నారా అని అడిగేది. అప్పటిదాకా నాకా సందేహమే వచ్చుండేది కాదు.

కోఆర్డినేటరుకు ఒక మంచి అలవాటుండేది. ఆడిషన్ ముగిశాక అందరి రీడ్లూ మా వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు, విని నేర్చుకోమని. కొన్ని రోజులకు తీసేసేవాడు. మేమందరం నెగ్గినదాన్ని ఒకసారి, మాదాన్ని పదిసార్లు వినేవాళ్ళం. ఆమె అన్నీ వినేది. భర్తకు ముద్ద కలుపుతూ, అంట్లు తోముతూ, ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వినేది. ఓడినవాళ్ళవి ఇంకా ఎక్కువగా వినేది. విన్నాక నాకు చెప్పేది. చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి అన్నీ నోటితోనే రికార్డు చేసి పంపేది. ఫోనులో చోటు చాలదని, పంపగానే వాటిని తన దగ్గర తీసేసేది.

బాగుంది, బాగాలేదు అనే మాటలు ఆమె నోట ఎప్పుడూ రాలేదు. ఈయన నిలబడి చదివినాడు. ఈమె కాగితం చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తా చదివింది. ఈ పిల్లకు అమ్మ పక్కనే కూర్చోనుండాది, అందుకే కోపం మాట దగ్గర గొంతు తగ్గించింది. ఇట్లా ఉండేవి. నావి కూడా అంతే. “నువ్వు నవ్వు మొగం పెట్టి చదివితివి. మొగంలో ఉండే నవ్వు ఫోనులోకి రాల్యా. నెగ్గినామె ఊపిరి యాడ తీసుకుండాదో విను. నవ్వే ముందు తీసుకుండాది. నువ్వు నవ్వినాక తీసుకుంటివి.” ఆమె చెప్పినట్టు మళ్ళీ చదివితే కొన్నిసార్లు నాకు పని వచ్చింది. ఆమెకు రాలేదు.

ఒకసారి ఉండబట్టలేక, గ్రూపులో ఒక పెద్దాయన రీడ్ గురించి ఇట్లాగే అందరికీ వినబడేట్టు చెప్పింది. నిన్నెవరడిగారని ఆయన గట్టిగా మందలించాడు. ఎవరూ ఆమె వైపు మాట్లాడలేదు. తప్పయింది సార్ అని పెట్టి, ఆ తర్వాత గ్రూపులో నోరు తెరవలేదు.

ఆమెకు రాకపోవడానికి కారణం ప్రతిసారీ ఒకటే చెప్పేవాళ్ళు. హైదరాబాదు వాళ్ళు, మీ తెలుగులో కన్నడం వినబడుతోంది అనేవాళ్ళు. బెంగళూరు వాళ్ళు, మీ కన్నడంలో తెలుగు వినబడుతోంది అనేవాళ్ళు. ఆ మాట ఆమె నాకు రెండు యాసల్లోనూ చేసి చూపించేది. అచ్చం వాళ్ళలాగే. నేను నవ్వేదాన్ని. ఆమె నవ్వేది కాదు, ఎక్కడ తేడా వచ్చిందో వెదుకుతూ ఉండేది. వాళ్ళలా మాట్లాడటం ఆమెకు చక్కగా వచ్చు. కానీ మైకు ముందు కూర్చోగానే, భయంతో, ఏదో ఒక మాట దగ్గర ఊరు బయటపడేది.

ఒకసారి వాళ్ళ ఇంటికి పోయాను. మురగమల్ల దర్గాకు పోయే బంధువుల కారులో పోయి మధ్యలో దిగాను. ఆమె రికార్డు చేసే చోటు చూడాలని నా కోరిక. బీరువా తలుపులు రెండూ తెరిచి, పట్టుచీరల మధ్య తలపెట్టి, పైన రగ్గు కప్పుకుని చదివేది. కరెంటు పోతే ఆమెకు పండగ. ఊళ్ళో బోరు మోటార్లన్నీ ఆగిపోతాయి కదా. కానీ ఆగనిది ఒకటుండేది. గోడ అవతల మరిదిగారి పట్టుపురుగుల షెడ్డు. పురుగులు పెద్దవై ఆకు మేసే రోజుల్లో సన్నటి వాన పడుతున్నట్టు శబ్దం వస్తుంది. ఆ రోజుల్లో ఆడిషన్ వస్తే, వెనక వాన వినబడుతోందని ఆమె రీడ్‌ను తిప్పి పంపేవాళ్ళు. వాన కాదు, పురుగులు అని చెప్పుకోవడానికి సిగ్గుపడేది. మేము ఇద్దరమూ ఆ గోడకు చెవి పెట్టి విన్నాం. “ఇది ఆగేలోపల ఆడిషన్ అయిపోతాది. ఇది ఆగినాక పురుగు గూడు కడతాది, అప్పుడు వినేకి ఎవురూ ఉండరు” అంది. మంచం మీద ఆమె భర్త మా వైపే చూస్తున్నాడు. ఎముకలు పెద్దవైన మనిషి. నేను నమస్కారం పెడితే కళ్ళతోనే తీసుకున్నాడు.

తర్వాత ఒకరోజు ఎవరూ ఊహించని ఆడిషన్ వచ్చింది. రైతుల కోసం ఫోనులో వినే నాటకం. బాగేపల్లి, చింతామణి వైపు తెలుగు మాట్లాడేవాళ్ళే కావాలి అని కాగితం మీద రాసుంది. నేను ఫోను చేసి చదివి వినిపించాను. ఆమె ఇంకోసారి చదవమంది. ఆ మాట నిజంగానే ఉండాదా అని అడిగింది. ఉందన్నాను. ఇన్నేళ్ళు దాచిపెట్టుకోవాలని తిప్పలు పడిన యాసనే ఇప్పుడు తీసుకురమ్మంటున్నారు. ఆరోజు ఆమె నవ్వడం మొదటిసారి విన్నాను.

బోరు ఎండిపోయిన ఒక రైతు పెళ్ళాం, పొలం మధ్యలో నిలబడి మొగుడితో మాట్లాడే మాటలవి. పంపే ముందు నాకు ఫోనులోనే చదివి వినిపించింది. ఆమె ఎవరినీ అనుకరించకుండా చదవడం నేను వినడం అదే మొదలు. గొంతు పెంచలేదు, ఏడవలేదు. నీళ్ళు రాని గొట్టాన్ని చూస్తూ ఇంటికి పోదాం పా అంటున్న మనిషి నా ఎదురుగా నిలబడినట్టుంది. ఎట్లుండాది అని ఆమె అడిగితే, ఇట్లే పంపించక్కా అన్నాను.

హైదరాబాదులో ఉండే ఒకామెను తీసుకున్నారు. కోఆర్డినేటరు అందరి రీడ్లూ పెట్టాడు. నెగ్గినామె ప్రతి మాట చివరా సాగదీసి, అవసరమున్నా లేకపోయినా ఉండాది, ఉండాది అని గుద్ది, మా వైపు మాటను నవ్వులాటలో చేసే యాసలా చదివింది. ఈమె ధైర్యం చేసి, తనది ఎందుకు పోయిందో చెప్పమని కోఆర్డినేటరును అడిగింది. ఆయన చెడ్డవాడు కాడు, పైవాళ్ళ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. మీది మామూలుగా ఉందట, ఆ ప్రాంతపు యాస సరిగ్గా తెలియడం లేదట.

ఆ మాట నాకు చెప్పి, అంతే మ్మా అని ఫోను పెట్టేసింది. ఆ బోరు రీడ్‌ను తన ఫోనులోంచి తీసేసిందని తర్వాత తెలిసింది. కొన్నాళ్ళు ఆమె నుంచి ఏమీ రాలేదు. నేను పంపిన రీడ్లకూ బదులు లేదు.

ఒక మధ్యాహ్నం కొత్త నెంబరు నుంచి ఫోను వచ్చింది. ఎవరో ఆడమనిషి, సాగదీసిన యాసలో, బాగేపల్లి యాడుండాది, నువ్వు యాడుండావు, ఏం చేస్తాండావు అని గబగబా అడుగుతోంది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని, ఎవరండీ మీరు, ఎవరు కావాలి అన్నాను.

“నేనే మ్మా” అంది తన గొంతుతో. “గుర్తుపట్టల్యా నువ్వు? సరిపోయింది అయితే.”

ఇన్ని రోజులూ ఆ హైదరాబాదామె రీడ్ పెట్టుకుని, మాట మాటకూ ఆపి, ఎక్కడ సాగదీసింది, ఎక్కడ గుద్దింది, ఎక్కడ ఊపిరి తీసుకుంది అని నేర్చుకుంటూ కూర్చుందట. తన మాటను వేరేవాళ్ళు ఎట్లా ఎగతాళి చేస్తారో అట్లా తాను మాట్లాడటం నేర్చుకుంది. పరీక్ష చేయడానికి ఆడబిడ్డ ఫోనులోంచి నాకు చేసింది. ఇది వద్దక్కా అన్నాను. “వాళ్ళకి కావాల్సింది ఇదే కదా. నాది ఇచ్చినా, వద్దనిరి. ఇంగ యాడికి పోయేది?” అంది.

ఆ నాటకంలోకే ఇంకో ఆడపాత్ర వచ్చింది. ఈసారి ఆమె రీడ్‌ను ఒక్కసారికే తీసుకున్నారు. యాస అద్భుతం అన్నారట. ఇన్నేళ్ళలో ఆమెకు వచ్చిన మొదటి పెద్ద పని అది. ప్రతివారం బీరువాలో తలపెట్టి రికార్డు చేసి పంపేది. మా వైపు ఊళ్ళన్నిటిలో ఫోనుల్లో ఆ నాటకం వినిపించింది. కెంచార్లహళ్ళిలో పట్టుపురుగుల షెడ్డులో ఆకు వేసే ఆడవాళ్ళు ఫోను పెట్టుకుని విన్నారు. ఆకు తెంపుతూ ఆమె వాళ్ళ మధ్యే కూర్చుని ఉంది. “యా ఊరామె ఇది? మనోళ్ళని ఎగతాళి చేస్తాండాది” అని ఒకామె అంది. తక్కినవాళ్ళు ఔనన్నారు. అది నేనే అని ఆమె చెప్పలేదు. ఇదంతా నాకు చెప్పేటప్పుడు ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏడవలేదు. ఆ ఆడవాళ్ళు సరిగ్గానే విన్నారని మెచ్చుకుంది.

నన్ను భయపెట్టింది దాని తర్వాతది. ఒకరోజు మాట మధ్యలో ఆగి, ఇప్పుడు నేను మాట్లాడింది నాదా, దానిదా అని అడిగింది. ఇంట్లో కూడా ఆ సాగదీత వచ్చేస్తోందట. కూరకు ఉప్పు సరిపోయిందా అని భర్తను అడిగితే అట్లే వచ్చిందట, ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడట. ఆపుకోవాలంటే, ముందు తాను ఎట్లా మాట్లాడేదో గుర్తు రావాలి. “నువ్వు ఇన్నేళ్ళుగా నా మాట ఇంటివి కదా. నేను ఎట్ల మాట్లాడుతుంటి, ఒకసారి చెప్పు మ్మా” అంది.

నేను ప్రయత్నించాను. ఆమె మాటలే ఆమెలాగా నాలుగు మాట్లాడాను. ఆమె అవతల ఊపిరి బిగబట్టి వింటోందని తెలుస్తోంది. అయిపోయాక నెమ్మదిగా, “అది నాది కాదు. నీది” అంది.

వర్షాలు మొదలయ్యాయి, ఆమెకు జ్వరం వచ్చింది, ఆమె పోయింది. నేను మొదట చెప్పిన ఫోను అప్పుడు వచ్చిందే.

పెద్దదినం నాడు కెంచార్లహళ్ళికి పోయాను. వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళాక, ఆడబిడ్డ నన్ను లోపలికి పిలిచింది. ఆమె భర్తను మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి ఉన్నారు. చిక్కిపోయాడు. వదిన పోయిన దగ్గర్నుంచి ఆయన ఫోను వైపే చూపిస్తున్నాడనీ, ఆమె గొంతు వినాలని సైగ చేస్తున్నాడనీ, ఏది పెట్టినా తోసేస్తున్నాడనీ ఆడబిడ్డ చెప్పింది. నా ఎదుటే నాటకం పెట్టింది. ఆయన ఎడమచేత్తో ఫోనును పక్కకు నెట్టేశాడు. నేను ఆమె ఫోను తీసుకుని వెదికాను. అన్నీ రీడ్లే. సబ్బు ప్రకటన, హైదరాబాదు తెలుగు. బ్యాంకు సూచన, బెంగళూరు కన్నడం. ఒక్కొక్కటీ ఒక్కొక్కరిలాగా ఉంది, ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా నేను చెప్పగలను. ఒక్కొక్కటే పెట్టాను. ఒక్కొక్కటే ఆయన నెట్టేశాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

మాతో ఇన్నేళ్ళు మాట్లాడిన మనిషి, మాటలతోనే బతకాలని చూసిన మనిషి, తన మాట ఒక్కటీ ఇంట్లో మిగల్చకుండా పోయింది. ఆడబిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నా ఫోను నా సంచిలోనే ఉంది. దానిలో ఆమె నాకు పంపినవి కొన్ని ఉన్నాయి. అవి ఎవరికీ పనికిరావు, నా రీడ్‌లో తప్పులు చెప్పిన ముక్కలు. ఆయనకు వాటితో ఏం పని అనిపించింది. అయినా పాతదొకటి తీసి, శబ్దం పెంచి, దిండు పక్కన పెట్టాను.

“అమ్మా, నీ రీడ్ ఇన్నా” అని మొదలైంది ఆమె గొంతు. సాగదీత లేదు, గుద్దడం లేదు. “రెండో మాట దగ్గర తొందర పడితివి. ఏంటికి అంత తొందర? ఆమె ఇంకా తలుపు తీయనే ల్యా, నువ్వు లోపలికి వచ్చేస్తివి.” దాని వెనక సన్నగా, పురుగులు మేస్తున్న చప్పుడు.

ఆయన కళ్ళు తెరిచాడు.

ఫోనులో లోహం మీద లోహం కొట్టిన శబ్దం వచ్చింది, ఒకదాని వెంట ఒకటి. నాకు అర్థం కాలేదు. ఏదైనా కావాలంటే అన్న మంచం కమ్మీ మీద గ్లాసుతో కొడతాడని, మా వదినను పిలిచేది అట్లేనని ఆడబిడ్డ గుసగుసగా చెప్పింది. ఫోనులో ఆమె గొంతు కొంచెం దూరం జరిగింది.

“వస్తాండా. రవంత ఉండప్పా, ఈ పాపకి రెండు మాటలు చెప్పి వస్తా.”

మళ్ళీ దగ్గరికి వచ్చి, యాడుంటిమి అని తనను తానే అడుక్కుని, నా ఊపిరి గురించి మిగతాది చెప్పింది. చెప్పి ముగించింది.

ఆయన ఎడమచెయ్యి దుప్పటి మీద పాకుతూ పోయి, మంచం పక్క గూట్లో ఉన్న స్టీలు గ్లాసును పట్టుకుంది. గ్లాసులో నీళ్ళున్నాయి, అవి ఒలికిపోతున్నా ఆయన చూసుకోలేదు. మంచం కమ్మీ మీద కొట్టాడు. ఆగి, చెవి ఒగ్గి, మళ్ళీ కొట్టాడు.

నేను ఫోనులో దాన్ని మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.